పాత ల్యాప్‌టాప్ బ్యాటరీకి కొత్త సెల్స్: ఎప్పుడు కుదురుతుంది, ఎప్పుడు కుదరదు

పదేళ్లు దాటిన ల్యాప్‌టాప్‌ను అనంతపురం సుభాష్ రోడ్డులోనో, కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ దగ్గరో ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్తే సాధారణంగా రెండు మాటల్లో ఒకటి వినబడుతుంది. "బ్యాటరీ పోయింది, కొత్తది వేయాలి" అనేది మొదటిది. "సెల్స్ మారుస్తే సరిపోతుంది" అనేది రెండోది. రెండూ కొన్ని సందర్భాల్లో నిజమే, కొన్ని సందర్భాల్లో రెండూ పొరపాటే. ఏ బ్యాటరీకి ఏ మాట వర్తిస్తుందో తేల్చాలంటే ఆ నల్లటి ప్లాస్టిక్ డబ్బా లోపలున్న రెండు వేర్వేరు వస్తువులను విడివిడిగా చూడాలి. ఒకటి, విద్యుత్తును దాచుకునే సెల్స్. రెండోది, వాటికి కాపలాగా ఉంటూ ప్రతి చార్జింగును గుర్తుపెట్టుకునే చిన్న సర్క్యూట్ బోర్డు. సెల్స్ మార్చడం గురించి జరిగే మాటలన్నీ మొదటిదాని చుట్టూనే తిరుగుతాయి, పని చెడేది మాత్రం ఎక్కువగా రెండోదాని దగ్గర.

ముందుగా సెల్ సంగతి. దాదాపు 2012 వరకు వచ్చిన, వెనుక భాగం నుంచి బ్యాటరీ ఊడదీయగలిగిన ల్యాప్‌టాప్‌లలో అత్యధికం 18650 అనే గుండ్రటి సెల్స్‌తోనే నడిచాయి. ఆ అంకె కొలతే: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా స్తూపాకారానికి గుర్తు. 1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ సెల్‌ను తొలిసారి మార్కెట్లోకి తెచ్చిన తర్వాత కొన్నేళ్లకే ఈ కొలత స్థిరపడింది. ఆ సెల్ వెనుకనున్న రసాయన శాస్త్రానికి జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. ఒక్కో సెల్ సగటున 3.6 లేదా 3.7 వోల్టులు ఇస్తుంది, నిండుగా చార్జ్ అయినప్పుడు 4.2 వోల్టులకు చేరుతుంది, 3 వోల్టుల దగ్గరికి వస్తే దాదాపు ఖాళీ అయినట్టే. తర్వాత వచ్చిన పలుచని ల్యాప్‌టాప్‌లలో వీటి స్థానంలో వెండి రంగు సంచుల్లాంటి పౌచ్ సెల్స్ వచ్చాయి. ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి తోసేవి అవే. ఇక్కడ చెప్పేదంతా గుండ్రటి సెల్స్‌కే వర్తిస్తుంది. పౌచ్ సెల్‌కు గట్టి లోహపు కవచం ఉండదు, సరిగ్గా అదే కొలతలో విడి సెల్ దొరకడమూ కష్టం కనుక దాన్ని చేత్తో తిరిగి కట్టే ప్రయత్నం చేయకపోవడమే సరైనది.

ఆరు సెల్స్ బ్యాటరీలో సెల్స్ రెండేసి పక్కపక్కన జతగా ఉంటాయి, అలాంటి మూడు జతలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. జత కట్టినప్పుడు సామర్థ్యం కలుస్తుంది, వరుస కట్టినప్పుడు వోల్టేజి కలుస్తుంది. 2,200 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్స్ రెండు కలిస్తే 4,400, 3.6 వోల్టులు మూడుసార్లు కలిస్తే 10.8 వోల్టులు. రెండింటినీ గుణిస్తే సుమారు 47.5 వాట్ అవర్లు. సగటున 15 వాట్లు వాడుకునే ల్యాప్‌టాప్‌కు అది మూడు గంటల పైచిలుకు బ్యాకప్. నాలుగు సెల్స్ బ్యాటరీలో సాధారణంగా జతలుండవు, నాలుగూ ఒకే వరుస కనుక చీటీపై 14.4 లేదా 14.8 వోల్టులని ఉంటుంది. తొమ్మిది సెల్స్ ఉన్నదానిలో మూడేసి సెల్స్ జట్లు మూడు. దుకాణానికి వెళ్లేముందు ఈ లెక్క వేసుకుంటే లోపల ఎన్ని సెల్స్ ఉన్నాయో, ఏ రకంగా కట్టారో డబ్బా తెరవకుండానే తెలిసిపోతుంది.

ఆ చీటీలో మరో ముఖ్యమైన సూచన ఉంది, దాన్ని గమనించేవారు తక్కువ. మూడు జతలు వరుసగా ఉన్న బ్యాటరీపై 10.8 లేదా 11.1 అని ఉంటే లోపలి సెల్స్ 4.2 వోల్టుల దగ్గర ఆగేవి. అదే చోట 11.25 లేదా 11.4 అని ఉంటే అవి 4.3 లేదా 4.35 వోల్టుల వరకు ఎక్కే వేరే రకం సెల్స్ అయ్యే అవకాశం బలంగా ఉంది. చూపులో రెండూ ఒకటే, కొలతలో రెండూ 18650లే. అయితే 4.35 వోల్టులకు అలవాటుపడిన బోర్డుకు 4.2 వోల్టుల సెల్స్ తగిలిస్తే ప్రతి చార్జింగులోనూ అవి హద్దు మీరి నిండుతాయి. మొదటిరోజు ఏమీ కాదు, బ్యాకప్ కాస్త ఎక్కువ వచ్చినట్టు కూడా కనిపిస్తుంది. కొన్ని నెలల్లో ఆ సెల్స్ లోపల వాయువు పుడుతుంది, వేడి పెరుగుతుంది. సెల్స్ మార్చిన తర్వాత ఆరు నెలలకే బ్యాటరీ మళ్లీ పోయిందనే ఫిర్యాదుల వెనుక నకిలీ సెల్స్‌తో పాటు ఈ పొరపాటు కూడా ఉండవచ్చు. పాత సెల్ పైనున్న మోడల్ నంబరు చదివి, దాని తయారీదారు ఇచ్చిన వివరాల పత్రం చూసి, గరిష్ఠ చార్జింగ్ వోల్టేజి నిర్ధారించుకున్న తర్వాతే కొత్త సెల్ ఎంచుకోవాలి.

అసలు సెల్స్ ఎందుకు చస్తాయన్నది రాయలసీమకు ప్రత్యేకంగా సంబంధించిన ప్రశ్న. లిథియం అయాన్ సెల్ రెండు రకాలుగా అరుగుతుంది. వాడకం వల్ల వచ్చే అరుగుదల ఒకటి, వాడినా వాడకపోయినా కాలం గడిచేకొద్దీ వచ్చేది మరొకటి. రెండోదాన్ని నడిపించేవి వేడి, నిండు చార్జ్. రుణ ధ్రువంగా ఉండే గ్రాఫైట్ మీద ఒక పలుచని పొర ఏర్పడుతుంది, అది లేకపోతే సెల్ పనిచేయదు. ఆ పొర మందమయ్యేకొద్దీ వాడుకోదగిన లిథియం అందులో చిక్కుకుపోతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్నది స్థూలమైన లెక్క. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడపలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం. రేకుల కప్పు కింద, చార్జరు ఎప్పుడూ పెట్టే ఉంచిన ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉష్ణోగ్రత దానికి మరో పది డిగ్రీలు ఎక్కువ ఉన్నా ఆశ్చర్యం లేదు. అంటే ఇక్కడి బ్యాటరీ వేసవి పొడవునా నిండు చార్జ్‌తో వేడిలో నానుతూ ఉంటుంది. కరెంటు పోయినప్పుడు మాత్రమే పనికొచ్చే బ్యాటరీ, కరెంటు ఉన్నంతసేపూ ఆ విధంగా ముసలిదవుతుంది.

ఇదే వేడి మరో అపోహకు కారణం. ఈ సెల్స్‌ను చార్జ్ చేయడానికి తయారీదారులు సాధారణంగా పెట్టే హద్దు 45 డిగ్రీలు. అంతకు మించితే బోర్డు చార్జింగును ఆపివేస్తుంది. మే నెల మధ్యాహ్నం చార్జరు పెట్టినా చార్జ్ ఎక్కడం లేదంటే అది బ్యాటరీ చావు కాకపోవచ్చు, కాపలా బోర్డు తన పని తాను చేస్తూ ఉండవచ్చు. రాత్రి చల్లబడ్డాక అదే బ్యాటరీ మామూలుగా చార్జ్ అయితే విప్పాల్సిన అవసరమే లేదు.

విప్పకముందే చేయగలిగిన పరీక్ష ఇంకొకటి ఉంది. విండోస్ 8 నుంచి ప్రతి విండోస్‌లోనూ బ్యాటరీ రిపోర్ట్ తీసే ఆదేశం ఉంది. తయారైనప్పటి సామర్థ్యమెంత, ఇప్పుడు నిండు చార్జ్‌లో మిగిలిన సామర్థ్యమెంత అనేవి అందులో పక్కపక్కన కనిపిస్తాయి. 47,520 మిల్లీవాట్ అవర్లకు గాను 9,000 మాత్రమే మిగిలాయని చూపితే సెల్స్ అరిగిపోయాయని, బోర్డు మాత్రం బతికే ఉండి నిజాయితీగా లెక్క చెబుతోందని అర్థం. సెల్స్ మార్చడానికి అన్నిటికన్నా అనువైన బ్యాటరీ ఇదే. అసలు బ్యాటరీయే లేదని ల్యాప్‌టాప్ చెబితే పరిస్థితి వేరు, అక్కడ బోర్డు మాట్లాడటం మానేసింది.

డబ్బా తెరవాల్సి వస్తే అతుకు వెంట మొద్దుబారిన పలుచని సాధనాన్ని నిదానంగా జరుపుకుంటూ పోవాలి. స్క్రూడ్రైవరు మొనతో పొడిచి తెరిచే అలవాటు ప్రమాదకరం, ఎందుకంటే ప్లాస్టిక్ గోడకు ఆవలే సెల్ చర్మం ఉంటుంది. తెరిచాక మల్టీమీటరుతో ప్రతి జత వోల్టేజి విడిగా కొలవాలి. బయటి కనెక్టరు దగ్గర సున్నా చూపిందని బ్యాటరీ చచ్చిందని తేల్చకూడదు. చాలా బోర్డులు ల్యాప్‌టాప్‌లో కూర్చున్నాకే, కనెక్టరులోని ఒక ప్రత్యేక కాలు (పిన్) ద్వారా ఆ సంగతి తెలుసుకున్నాకే బయటికి వోల్టేజి ఇస్తాయి.

లోపలి కొలతలు చెప్పే కథలు మూడు రకాలు. మూడు జతలూ 3.8 వోల్టుల దగ్గర సమానంగా ఉండి, ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీని గుర్తించకపోతే సెల్స్ మార్చి ప్రయోజనం లేదు, లోపం బోర్డులో ఉంది. రెండు జతలు 3.9 దగ్గర, ఒకటి 2.5 దగ్గర ఉంటే ఆ ఒక్క జత బలహీనపడి మొత్తాన్ని లాగేస్తోంది. మూడూ ఒక వోల్టుకు దిగిపోయి ఉంటే బ్యాటరీని ఏళ్ల తరబడి అటకమీద పడేశారని అర్థం.

ఈ మూడో రకం బ్యాటరీని ఇంకో బ్యాటరీతోనో, బయటి చార్జరుతోనో కాసేపు ముట్టించి "లేపే" పద్ధతి ఒకటి చలామణిలో ఉంది. వోల్టేజి పైకి రావడం చూసి పని అయిపోయిందనుకుంటారు. లోపల జరిగింది వేరు. సెల్ సుమారు 2 వోల్టుల కన్నా బాగా కిందికి జారి చాలాకాలం ఉంటే రుణ ధ్రువంలోని రాగి రేకు ద్రావకంలోకి కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జ్ చేసినప్పుడు ఆ రాగి తిరిగి రేకు రూపంలోకి రాదు, ఎక్కడపడితే అక్కడ పేరుకుంటుంది. ధన, రుణ ధ్రువాల మధ్య ఉండే పొర మందం మైక్రాన్లలోనే ఉంటుంది కనుక ఆ పేరుకున్న లోహం దాన్ని దాటి లోపలే షార్ట్ చేయవచ్చు. అలాంటి లోహపు రజను ఎంత ప్రమాదమో 2006లో ప్రపంచమంతా చూసింది. తయారీ సమయంలో సోనీ సెల్స్‌లో పడిన సూక్ష్మ లోహపు కణాల కారణంగా ఆ ఏడాది ఆగస్టులో డెల్ సంస్థ 41 లక్షల బ్యాటరీలను, యాపిల్ 18 లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద కర్మాగారంలోనే తప్పని ప్రమాదాన్ని చచ్చిన సెల్‌లో చేతులారా పుట్టించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. 2 వోల్టుల కింద నెలల తరబడి పడి ఉన్న సెల్‌కు మరో అవకాశం ఇవ్వకూడదు.

కొత్త సెల్స్ కొనడం దగ్గర కూడా ఇంతే జాగ్రత్త కావాలి. అనంతపురానికి బెంగళూరులోని ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డు దగ్గర, కర్నూలుకు హైదరాబాదు దగ్గర. ఈ ప్రాంతంలో రిపేరుదారు చేతికి వచ్చే విడిభాగాలకు ఆ రెండు నగరాలూ సహజమైన ఆధారాలు, మిగిలినవి ఆన్‌లైన్‌లో వస్తాయి. 18650 సెల్‌పై 9,900 మిల్లీ ఆంపియర్ అవర్లని రాసి ఉంటే ఇక చూడనక్కర్లేదు, అది అబద్ధం. పేరున్న సంస్థలు చేసిన మంచి సెల్స్‌లోనే సామర్థ్యం 3,500 దగ్గర ఆగుతుంది. తూకం మరో మంచి సాక్షి. నిజమైన సెల్ 44 నుంచి 49 గ్రాముల మధ్య తూగుతుంది. బంగారు కొట్టులోని చిన్న త్రాసు మీద 30 గ్రాముల పైచిలుకే తూగిందంటే లోపల ఉండాల్సిన పదార్థం లేదని అర్థం. దీనికన్నా పట్టుకోవడం కష్టమైన మోసం ఇంకొకటుంది: పాత బ్యాటరీల నుంచి ఊడదీసిన సెల్స్‌కు కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసి కొత్తవిగా అమ్మడం. వాటి తూకం సరిగ్గానే ఉంటుంది. అయితే రెండు కొసల మీదా పాత వెల్డింగ్ చుక్కల జాడలు, ఆకురాయితో రుద్దిన గీతలు కనిపిస్తాయి. భారతదేశంలో అమ్మే ఇలాంటి సెల్స్‌కు ఐఎస్ 16046 ప్రమాణం కింద భారతీయ ప్రమాణాల సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి కనుక, ఆ వివరం అడగడం కొనుగోలుదారు హక్కు.

ఎక్కువ సామర్థ్యమున్న సెల్ వేస్తే ఎక్కువ బ్యాకప్ వస్తుందన్న ఆశ సహజం. అది పాక్షికంగానే నెరవేరుతుంది. 3,400 మిల్లీ ఆంపియర్ అవర్లని చెప్పే సెల్ ఆ మొత్తాన్ని 2.5 వోల్టుల వరకు దిగినప్పుడు మాత్రమే ఇస్తుంది. ల్యాప్‌టాప్ బోర్డు 3 వోల్టుల దగ్గరే ఆపేస్తే చివరి భాగం లోపలే మిగిలిపోతుంది. పైగా బోర్డు జ్ఞాపకంలో పాత 2,200 సెల్ గుణగణాలే ఉంటాయి, వాటి ప్రకారమే అది శాతాలు లెక్కిస్తుంది. అసలు సెల్‌కు దగ్గరగా, 2,200 నుంచి 2,600 మధ్య ఉన్న మంచి సెల్ ఎంచుకోవడం ఈ కారణంగా మేలు. అన్నీ ఒకే సంస్థవి, ఒకే మోడల్, వీలైతే ఒకే బ్యాచ్‌వి అయి ఉండాలి.

సమానత్వం ఎందుకంటే, వరుసలో బలహీనమైన జతే మొత్తానికి హద్దు గీస్తుంది. రెండు జతలు 4,400, ఒక జత 3,000 అయితే బ్యాటరీ మొత్తం ఇచ్చేది 3,000 మాత్రమే. ఆ జత ఖాళీ కాగానే బోర్డు అంతా ఆపేస్తుంది. జతల మధ్య తేడాను సరిదిద్దే ఏర్పాటు చాలా బోర్డుల్లో ఉన్నా, అది చిన్న నిరోధం ద్వారా కొద్ది మిల్లీ ఆంపియర్ల చొప్పున కార్చేదే. స్వల్ప తేడాలను అది కాలక్రమంలో సవరిస్తుంది కానీ వందల్లో ఉన్న తేడాను మోయలేదు. "పోయిన జత ఒక్కటే మారుస్తాం, ఖర్చు తగ్గుతుంది" అనే బేరానికి ఒప్పుకోకూడనిది ఇందుకే. కొత్త జత పక్కన పాత జతలు రెండూ అరిగినవిగానే ఉంటాయి, తేడా మళ్లీ మొదటికి వస్తుంది.

రెండు సెల్స్‌ను పక్కపక్కన జత కలిపేముందు వాటి వోల్టేజి సమానం చేయాలి. ఒకటి 4.1, మరొకటి 3.5 వోల్టుల దగ్గర ఉన్నాయనుకుంటే తేడా 0.6 వోల్టు. రెండింటి లోపలి నిరోధం కలిపి 0.12 ఓమ్ అయితే, కలిపిన క్షణంలో వాటి మధ్య 5 ఆంపియర్లు పరుగెత్తుతాయి. విడివిడిగా ఒకే వోల్టేజికి చార్జ్ చేసి, ఒక రోజు ఆగి, మళ్లీ కొలిచి, వందో వంతు వోల్టు తేడాలోపు ఉన్నవాటినే కలపడం మంచి పద్ధతి. ఆ ఒక రోజులో దానంతటదే దిగిపోయిన సెల్ ఏదైనా ఉంటే దాన్ని పక్కన పెట్టేయాలి.

కలిపే పనికి సరైన సాధనం స్పాట్ వెల్డింగ్. సెల్ కొసమీద సుమారు 0.15 మిల్లీమీటర్ల మందం నికెల్ పట్టీ ఉంచి, క్షణంలో కొన్ని వేలవంతుల కాలం పాటు వందల ఆంపియర్ల కరెంటు పంపితే రెండు లోహాలూ ఆ చుక్క దగ్గర మాత్రమే కరిగి అతుక్కుంటాయి. వేడి లోపలికి పాకేలోపే పని అయిపోతుంది. టంకం పెట్టే ఇనుము సంగతి అలా కాదు. దాని మొన 350 డిగ్రీల దగ్గర ఉంటుంది, సెల్ లోపల ధ్రువాల మధ్య ఉండే పాలిథిలీన్ పొర సుమారు 130 డిగ్రీలకే మెత్తబడి కరుగుతుంది. అనుభవమున్న చేయి రెండు సెకన్లలో టంకం పెట్టగలదనే వాదనలో కొంత నిజం ఉన్నా, ఆరు సెల్స్‌కు పన్నెండు కొసలు, పన్నెండుసార్లూ చేయి తప్పకుండా ఉండాలి. ధన ధ్రువం మూత కింద ఒత్తిడి పెరిగితే కరెంటును తెంపేసే చిన్న రక్షణ పళ్లెం కూడా ఉంటుంది, దానికీ ఆ వేడి మంచిది కాదు. స్పాట్ వెల్డర్ లేని చోట ఈ పని ఒప్పుకోకపోవడమే ఆ దుకాణదారు వృత్తి గౌరవాన్ని నిలబెడుతుంది. వైరును పట్టీకి టంకం పెట్టడం వేరు, సెల్‌కు పెట్టడం వేరు. ముందు పట్టీకి టంకం పెట్టుకుని, తర్వాత ఆ పట్టీని సెల్‌కు వెల్డ్ చేస్తే రెండు పనులూ నెరవేరుతాయి.

ఇక బోర్డు. 1990ల మధ్యలో ఇంటెల్, డ్యూరాసెల్ సంస్థలు కలిసి స్మార్ట్ బ్యాటరీ ప్రమాణాన్ని రూపొందించిన తర్వాత, ల్యాప్‌టాప్ బ్యాటరీ మాట్లాడే వస్తువైంది. రెండు తీగల మీదుగా తన వోల్టేజి, ఉష్ణోగ్రత, మిగిలిన సామర్థ్యం, ఎన్నిసార్లు చార్జ్ అయిందన్న లెక్క ఎప్పటికప్పుడు ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. ఈ పని చేసే చిప్‌లలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థవి చాలా విరివిగా కనిపిస్తాయి. అవి కరెంటు పోయినా చెరగని జ్ఞాపకంలో చరిత్ర దాచుకుంటాయి. ఆ చరిత్రలో శాశ్వత వైఫల్యం అనే ఒక గుర్తు ఉంది. ఏదైనా జత హద్దుకు మించి చార్జ్ అయినా, జతల మధ్య తేడా మితిమీరినా చిప్ ఆ గుర్తు వేసుకుంటుంది. కొన్ని బోర్డుల్లో అంతటితో ఆగకుండా మూడు కాళ్ల ఫ్యూజును తానే వేడిచేసి కాల్చేస్తుంది. ఆ తర్వాత ఎంత మంచి సెల్స్ వేసినా ఆ బ్యాటరీ పలకదు. డబ్బు పెట్టి ఆరు సెల్స్ కొని, కష్టపడి వెల్డ్ చేసిన తర్వాత ఈ సంగతి బయటపడటం కన్నా ముందే ఫ్యూజు కాళ్ల మధ్య మల్టీమీటరు పెట్టి చూసుకోవడం నయం.

ఆ గుర్తును చెరపవచ్చా అంటే కొన్ని చిప్‌లలో సాధ్యమే. సంబంధిత సాఫ్ట్‌వేరు, ఆ రెండు తీగలకు తగిలించే అడాప్టరు, తాళం తీసే సంకేతపదం కావాలి. 2011లో చార్లీ మిల్లర్ అనే భద్రతా పరిశోధకుడు యాపిల్ ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోని చిప్‌లకు తయారీదారు మొదట ఇచ్చిన సంకేతపదాలనే మార్చకుండా వదిలేశారని బయటపెట్టాడు. అందరూ అలా వదిలేయలేదు, చాలా బ్యాటరీలకు ఆ తాళం తెరుచుకోదు. తెరుచుకున్న చోట కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: ఆ గుర్తు ఎందుకు పడింది? పాత సెల్స్ లోపం వల్ల పడితే, సెల్స్ మారాక చెరపడం సబబే. బోర్డులోని స్విచ్చు ట్రాన్సిస్టరు పాడై, చార్జింగును ఆపలేక పడి ఉంటే, దాన్ని చెరపడం కాపలావాడి కళ్లకు గంతలు కట్టడమే. ఈ తేడా కనుక్కునే సాధనం లేనివారు ఆ పనికి పూనుకోకూడదు.

గుర్తు పడకుండా ఉన్న బోర్డును కూడా సెల్స్ మార్చే క్రమంలోనే చంపుకునే ప్రమాదం ఉంది. మధ్యలోని ఒక తీగ ముందు ఊడితే బోర్డుకు ఒక జత వోల్టేజి సున్నాగా, పక్క జతది రెట్టింపుగా కనిపించవచ్చు, అది వైఫల్యంగా నమోదు కావచ్చు. విప్పేటప్పుడు అత్యధిక వోల్టేజి తీగ నుంచి కిందికి, కలిపేటప్పుడు రుణ ధ్రువం నుంచి పైకి వరుస తప్పకుండా వెళ్లాలనే నియమం ఇందుకే. మారుస్తున్నంతసేపూ ప్రతి జత స్థానంలో అదే వోల్టేజి ఇచ్చే వేరే సెల్స్‌ను తాత్కాలికంగా తగిలించి ఉంచి, బోర్డుకు కరెంటు పోయిన సంగతే తెలియనివ్వనివారూ ఉన్నారు. శ్రమ ఎక్కువే అయినా, మొండి బోర్డుల విషయంలో అది ఫలించే మార్గం. కలపడం పూర్తయ్యాక బోర్డు నిద్రలోనే ఉంటే కంగారుపడనవసరం లేదు. ల్యాప్‌టాప్‌లో పెట్టి చార్జరు తగిలించగానే చాలావరకు మేలుకుంటుంది.

మేలుకున్నాక కూడా తెరమీద పాత లెక్కే కనిపిస్తుంది. కొత్త సెల్స్ నిండుగా ఉన్నా బోర్డు తన జ్ఞాపకంలోని 9,000 మిల్లీవాట్ అవర్లనే నమ్ముతుంది. నిండుగా చార్జ్ చేసి రెండు గంటలు వదిలేసి, పూర్తిగా ఖాళీ అయ్యేవరకు నడిపి, ఐదు గంటలు విశ్రాంతినిచ్చి, మళ్లీ నింపితే అది కొత్త సామర్థ్యాన్ని కొంతకొంతగా నేర్చుకుంటుంది. ఒకటి రెండుసార్లు ఇలా చేయాల్సి రావచ్చు. కొన్ని బోర్డులు తాళం తీయనిదే నేర్చుకోవు. అలాంటివాటిలో బ్యాకప్ నిజంగా పెరిగినా, తెరమీది శాతం మాత్రం చాలాసేపు సున్నా దగ్గరే వేలాడుతుంది. దానితో సర్దుకోగలిగినవారికి నష్టం లేదు.

రెండు వైర్ల కొసన చిన్న పూసలా ఉండే థర్మిస్టరును తప్పక చూసుకోవాలి. బోర్డుకు వేడి తెలిసేది దానివల్లే. తిరిగి కట్టేటప్పుడు దాన్ని ఎక్కడో గాలిలో వదిలేస్తే, పైన చెప్పిన 45 డిగ్రీల హద్దుకు అర్థం ఉండదు. సెల్ ఒంటికి ఆనించి, వేడిని తట్టుకునే కాప్టన్ టేపుతో బిగించాలి. మన వేసవిలో ఈ పూస విలువ మరీ ఎక్కువ.

ఇంత పని ఎవరికి లాభదాయకం? పాత మోడల్‌కు తయారీదారు బ్యాటరీ దొరకదు, దొరికినా అది ఎప్పుడో తయారై గోదాములో ముసలిదై ఉండవచ్చు. ఇతర సంస్థలు చేసి కంపాటిబుల్ పేరుతో అమ్మేదాంట్లో ఏ సెల్స్ ఉన్నాయో తెరిచి చూస్తే తప్ప తెలియదు. మంచి సెల్స్ ఆరు, పట్టీ, కూలి కలిపితే ఖర్చు అలాంటి కంపాటిబుల్ బ్యాటరీ ధరకు దగ్గరగా వచ్చేస్తుంది కనుక పొదుపు కోసమే అయితే సెల్స్ మార్పిడి గొప్ప బేరమేమీ కాదు. దాని విలువ లోపల ఏముందో తెలియడంలో ఉంది. ల్యాప్‌టాప్ బల్లమీదే ఉంటుంది, కరెంటు పోయినప్పుడు పదిహేను నిమిషాలు నిలిస్తే చాలనుకునేవారికి ఇంట్లోని ఇన్వర్టరో, చిన్న యూపీఎస్సో చాలు. కాలేజీకో, పొలంలో సర్వేకో తీసుకెళ్లేవారికే ఈ శ్రమ తగినది. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లు గుంపుగా ఉన్నచోట పరిస్థితి ఇంకా మెరుగు. 2008లో మొదలైన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో విద్యార్థులందరికీ ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. అలా ఒకే రకం బ్యాటరీలు నాలుగైదు ఒకచోట దొరికితే, వాటిలో బతికున్న బోర్డును ఎంచుకుని కొత్త సెల్స్ దానికే కట్టవచ్చు.

తిరిగి కట్టిన బ్యాటరీని మొదటి రెండు మూడు చార్జింగుల్లో కళ్లెదుటే ఉంచాలి. మంచం మీద కాదు, గచ్చు మీద, దగ్గర పొడి ఇసుక బకెట్టుతో. ఆ ల్యాప్‌టాప్‌లో 80 శాతం దగ్గర చార్జింగు ఆపే సదుపాయం ఉంటే వేసవంతా దాన్ని వాడటం సెల్స్ ఆయుష్షుకు అన్నిటికన్నా ఎక్కువ ఉపకరిస్తుంది. ఊడదీసిన పాత సెల్స్ ఒక్కోదాని రెండు కొసలకూ టేపు అంటించి, ఒకదానికొకటి తగలకుండా పొడి డబ్బాలో ఉంచాలి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వీటిని మామూలు చెత్తలో కలపవద్దని, తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులదని చెబుతున్నాయి. మునిసిపాలిటీ చెత్త బండిలో పడిన సెల్ ఒక ఇనుప ముక్క తగిలినా అంటుకోవచ్చు, పాత ఇనుము కొట్టులో సుత్తి దెబ్బ పడినా అంతే. జిల్లా కేంద్రంలోని పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణాన్నో, అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణదారునో అడిగి అప్పగించేవరకు ఆ డబ్బాను ఎండ తగలని చోట, పిల్లలకు అందకుండా ఉంచాలి.